తెలుగు తీరంలో ఓడల మరమ్మతు: డెక్కు కారడం, కనిపెట్టడం, మూసివేయడం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• కొయ్య ఓడల డెక్కు ఎందుకు కారుతుందో వివరించగలుగుతారు.
• నీరు దిగే చోటును నావికులు, ఓడ వడ్రంగులు ఎట్లా కనిపెట్టేవారో, ఎట్లా మూసేవారో వరుసగా చెప్పగలుగుతారు.
• మోటుపల్లి, నర్సాపురం, కోరంగి రేవుల చరిత్రలో ఓడల మరమ్మతుకు ఉన్న స్థానాన్ని గుర్తించగలుగుతారు.
• తెలంగాణ లోతట్టు ప్రాంతానికీ తీరానికీ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో తెలపగలుగుతారు.

1. పరిచయం

కథలాపూర్‌లోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో కూర్చొని ఈ భాగాన్ని చదువుతున్న మీకు సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడ డెక్కు కారితే మనకేమిటి అనిపించవచ్చు. కాని వానకాలంలో పెంకుటిల్లు ఉరవడం మీకు కొత్త కాదు. మంచం మీద చుక్క పడుతుంది. తెల్లవారి పైకెక్కి, సరిగ్గా మంచానికి ఎగువన ఉన్న పెంకును మారుస్తారు. మళ్ళీ వాన వస్తుంది, మళ్ళీ అక్కడే చుక్క పడుతుంది. పగిలిన పెంకు ఇంకెక్కడో ఉంటుంది. నీరు అక్కడ దిగి, వాసం వెంట జారి, వాసానికి ముడి ఉన్న చోట రాలుతుంది. చుక్క పడిన చోటు వేరు, నీరు దిగిన చోటు వేరు.

కొయ్య ఓడ మీద ప్రయాణించిన వారి కష్టం కూడా ఇదే. అయితే ఇల్లు ఉరిస్తే పక్కింటికి పోవచ్చు. నడిసముద్రంలో పక్కిల్లు ఉండదు. అందువల్ల ఓడ మరమ్మతు అనేది వ్యాపారం లాభనష్టాలను, ఒక్కొక్కసారి ప్రాణాలను కూడా నిర్ణయించింది.

చరిత్ర పుస్తకాలలో మీరు సముద్ర వర్తకం గురించి చదివేటప్పుడు రాజులు, వర్తకులు, ఎగుమతులు, దిగుమతులు కనబడతాయి. ఓడను నీటి మీద నిలబెట్టిన వడ్రంగి, కమ్మరి, నార దట్టించే కూలీ అంతగా కనబడరు. వీరి పని జరిగే చోటుకే ఓడలు వచ్చాయి. ఆ పనికి వీలు తప్పిన చోట రేవులూ దెబ్బతిన్నాయి. ఈ భాగంలో ప్రధానంగా మీరు గ్రహించవలసిన విషయం ఇదే.

2. మీ ప్రాంతానికీ సముద్రానికీ ఉన్న సంబంధం

జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల శాతవాహనుల తొలి స్థావరాలలో ఒకటి. ఆ వంశ స్థాపకుడుగా చెప్పే సిముకుని నాణేలు ఇక్కడ దొరికాయి. తరవాతి కాలపు శాతవాహన రాజులైన వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలలో రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ కనిపిస్తుంది. ఈ ఓడ నాణేలు తూర్పు తీర ప్రాంతంలో దొరుకుతాయి. గోదావరి ఎగువన మొదలైన రాజ్యం సముద్రం దాకా విస్తరించి, ఓడను తన నాణెం మీదికి ఎక్కించుకొంది.

రెండో ఉదాహరణ ఇనుము. కథలాపూర్‌కు ఇరుగుపొరుగున, నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి వైపున్న కోనసముద్రం మేలైన ఉక్కుకు పేరుపొందింది. ఆ ఉక్కు కోసం పర్షియా దేశపు వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవారు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఈ పరిశ్రమను చూసిన వాయిసీ అనే ఆంగ్లేయుడు దాని గురించి రాశాడు.

మూడో ఉదాహరణ టేకు. గోదావరి ఎగువ అడవులలో కొట్టిన కలపను తెప్పలుగా కట్టి నది వెంట దిగువకు తరలించేవారు. నర్సాపురంలో ఓడల నిర్మాణానికి ఆ కలపే ఆధారం. కాబట్టి తీరంలో తయారైన ఓడలో లోతట్టు అడవి కూడా ఉందని మీరు గుర్తుంచుకోవాలి.

3. డెక్కు అంటే ఏమిటి? అది ఎందుకు కారుతుంది?

ఓడ పొట్ట మీద పలకలు పరిచి వేసిన పైకప్పును డెక్కు అంటారు. నావికులకు అది నడిచే నేల. దాని కింద ఉన్న సరుకుకు అదే ఇంటి కప్పు. ఒకే నిర్మాణం నేలగానూ కప్పుగానూ పని చేయడమే ఇందులో చిక్కు. దాని మీద మనుషులు నడుస్తారు, బరువులు దొర్లిస్తారు, లంగరు మోకులు లాగుతారు. అలలు దాని మీద విరుగుతాయి. అయినా కిందికి చుక్క దిగకూడదు.

ఓడలోకి నీరు రెండు దారులలో వస్తుంది. మొదటిది నీటిలో మునిగి ఉండే అడుగు భాగం నుంచి. ఇది రాత్రింబవళ్ళు వస్తుంది. దీనిని తోడిపోయకపోతే ఓడ మునుగుతుంది. రెండోది డెక్కు నుంచి. ఇది వాన కురిసినప్పుడు, అల విరిగినప్పుడు మాత్రమే వస్తుంది. మొదటిదానితో పోలిస్తే ఇది చిన్న విషయంగా కనబడుతుంది. కాని సరుకును పాడుచేసేది, ఓడను లోలోపల కుళ్ళబెట్టేది ఎక్కువగా ఇదే. ఉప్పు నీటికన్నా వాన నీరు కొయ్యను త్వరగా కుళ్ళబెడుతుంది. బూజు తీపినీటి తేమలో బాగా పెరుగుతుంది.

డెక్కు కారడానికి ముఖ్యమైన కారణాలు ఇవి:

(అ) ఎండ, తేమ: కొయ్య తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. బంగాళాఖాతపు ఎండలో రేవులో కట్టివేసిన ఓడ డెక్కు పలకలు ఎండి, వాటి మధ్య సందులు తెరుచుకొంటాయి. అందుకే కొయ్య డెక్కును సముద్రపు నీటితో తడుపుతూ ఉండడం నావికుల నిత్యకృత్యం అయింది. అది శుభ్రత కోసం మాత్రమే కాదు. పలకలు ఉబ్బి సందులు బిగుసుకోవడం కోసం కూడా.

(ఆ) ఓడ కదలిక: అలల మీద ఓడ నడుము వంగుతుంది, మెలిపడుతుంది. ప్రతి కదలికకూ పలకల అంచులు ఒకదానితో ఒకటి రాసుకొంటాయి. సందుల్లో దట్టించిన నార క్రమంగా వదులవుతుంది.

(ఇ) మేకులు: ఇనుప మేకు తుప్పు పడితే ఉబ్బి చుట్టూ ఉన్న కొయ్యను చీలుస్తుంది. మేకు సన్నబడి రంధ్రం మిగులుతుంది. ఓక్ కొయ్యలోని ఆమ్లం ఇనుమును తినివేస్తుంది. టేకులో ఉన్న సహజమైన నూనె ఇనుమును కొంత కాపాడుతుంది. యూరోపియన్లు టేకు ఓడలను మెచ్చుకోవడానికి ఇది ఒక కారణం.

(ఈ) తెగిన చోట్లు: డెక్కును ఎక్కడ కోసి రంధ్రం చేస్తే అక్కడే ప్రమాదం. తెరచాప కొయ్య దిగే చోటు, సరుకు దింపే మూతద్వారం అంచు, మోకులు కట్టే గుంజల అడుగు, డెక్కు ఓడ పక్క గోడను కలిసే మూల. పెంకుటింట్లో పొగగూడు చుట్టూ, గోడ కప్పును తాకే చోట ఉరవడం మీరు చూసే ఉంటారు. కారణం ఒకటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ఓడ అడుగు కారడానికీ డెక్కు కారడానికీ తేడా ఏమిటి?
2. డెక్కును సముద్రపు నీటితో ఎందుకు తడిపేవారు?

4. డెక్కు లేని ఓడలు, కుట్టిన పడవలు

అన్ని ఓడలకూ డెక్కు ఉండేది కాదు. 13వ శతాబ్దిలో హోర్ముజ్ రేవులో చూసిన ఓడల గురించి మార్కో పోలో చెప్పిన వివరాలు ఇక్కడ గమనించదగినవి. వాటికి ఇనుప మేకులు లేవు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. డెక్కు లేదు. సరుకు నింపి, దాని మీద తోళ్ళు కప్పి, ఆ తోళ్ళ మీద గుర్రాలను నిలబెట్టి తీసుకుపోయేవారు. అటువంటి ఓడలో సరుకును వాన నుంచి, అల నుంచి కాపాడేది తోలు కప్పడం మాత్రమే.

తెలుగు తీరంలో కూడా కుట్టిన పడవలు ఉండేవి. మచిలీపట్నంలోనూ, మద్రాసులోనూ వాడిన మసూలా పడవలు ఇటువంటివే. మచిలీపట్నంలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసేవి. ఒడ్డున విరిగే అలల మీదుగా మనుషులనూ సరుకునూ చేరవేసేవి ఈ పడవలే. పలకలను కొబ్బరి తాడుతో కుట్టి, కుట్టు కింద పీచును గానీ గడ్డిని గానీ ఒత్తుగా పెట్టేవారు. మేకులతో బిగించిన పడవ నేలకు కొట్టుకొంటే పగులుతుంది. కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. దానికి బదులుగా నీరు ఊరడాన్ని భరించాలి. కాబట్టి కుట్టిన పడవ నడిచినంతసేపూ నీళ్ళు తోడే మనిషి ఉండవలసిందే. 1669-79 మధ్య ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు ఈ పడవలను వర్ణించి, బొమ్మలు కూడా గీశాడు.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. నీరు అసలే రాని ఓడ అనేది ఏ కాలంలోనూ లేదు. ఎంత నీరు వస్తుంది, ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఎవరు తోడతారు అన్నవే ప్రశ్నలు.

5. నష్టం ఎవరిది? మోటుపల్లి అభయ శాసనం

తుపానులో చిక్కిన ఓడకు సందులు తెరుచుకొంటాయి. నీరు తోడలేక ఓడను దగ్గరి ఒడ్డుకు తిప్పుతారు. లేదా ఓడే ఒడ్డుకు కొట్టుకుపోతుంది. అప్పుడు సరుకు ఎవరిది?

ఈ ప్రశ్నకు కాకతీయ గణపతిదేవుడు ఇచ్చిన సమాధానం మోటుపల్లి అభయ శాసనంలో ఉంది. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో ఉన్న తీర గ్రామం. శాసన కాలం శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45. ఒక దేశం నుంచి ఇంకొక దేశానికి పోతూ తుపాను వల్ల దెబ్బతిని ఒడ్డుకు చేరిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారని, తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మిగతాదంతా వర్తకులకే విడిచిపెడుతున్నానని రాజు ఇందులో ప్రకటించాడు. సుంకం విధించే సరుకులలో చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, పోకచెక్కలు ఉన్నాయి.

ఈ జాబితాను ఓడ డెక్కు కింద నిలబడి చదవండి. ముత్యాలకు నీటి వల్ల భయం లేదు. పట్టుకు, మిరియాలకు, పోకచెక్కలకు తేమ శత్రువు. తడిసిన పోకలు బూజు పడతాయి. తడిసిన పట్టు మరకలు పడుతుంది. ఓడ మునగకుండా రేవు చేరినా, డెక్కు కారితే వర్తకుని పెట్టుబడి పోయినట్లే. ఓరుగల్లులో ఉన్న రాజు సముద్రపు ప్రమాదాన్ని ఆపలేడు. ప్రమాదం మీద దోపిడీ జరగకుండా మాత్రం ఆపగలడు. వర్తకులకు మోటుపల్లి మీద నమ్మకం కుదరడానికి ఈ హామీ తోడ్పడింది.

6. నర్సాపురం: మరమ్మతు కోసం వచ్చిన ఓడలు

17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవు మచిలీపట్నం. ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీ గ్లోబ్ అనే ఓడలో వచ్చి 1611లో అక్కడ వర్తక స్థానం ఏర్పాటు చేసింది. అయితే బహిరంగ సముద్రానికి ఎదురుగా ఉన్న చోట ఓడను ఒరగబెట్టి మరమ్మతు చేయడం కష్టం. అలలు దాన్ని ఒక చోట నిలవనీయవు. అందుకు ప్రశాంతమైన నది నీరు, మెత్తని బురద ఒడ్డు, ఆటుపోట్లు కావాలి. పోటు మీద ఓడను ఒడ్డుకు చేర్చి, ఆటు సమయంలో బయటపడిన భాగాన్ని బాగుచేసుకోవచ్చు.

ఈ వసతులన్నీ గోదావరి వశిష్ఠ పాయ మీద ఉన్న నర్సాపురంలో ఉన్నాయి. అదే గ్లోబ్ ఓడ 1614లో మరమ్మతు కోసం నర్సాపురం నదిలోకి ప్రవేశించింది. ఆ ఓడతో వచ్చిన వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ తన దినచర్యలో ఈ విషయం రాశాడు. తరవాత ఇంగ్లీషువారు నర్సాపురం పక్కనే మాధవాయిపాలెంలో స్థావరం ఏర్పరచుకొన్నారు. వారి నోట అది మడపొల్లం అయింది. ఆ పేరుతో ఒక రకం నూలు బట్ట కూడా ప్రసిద్ధికెక్కింది. దగ్గరలోని పాలకొల్లులో డచ్చివారి వర్తక స్థానం ఉండేది.

నర్సాపురంలో మంచి కలప, మంచి ఇనుము, ఈ తీరంలోకెల్లా సమర్థులైన ఓడ వడ్రంగులు ఉన్నారని, ఇంగ్లీషు వర్తకులు తమ ఓడలను అక్కడ కట్టించుకొంటున్నారని బౌరీ రాశాడు. ఈ మూడింటిని విడివిడిగా ఆలోచించండి. కలప నది ఎగువ అడవులది. ఇనుము కొలిమి కార్మికులది. నైపుణ్యం తరతరాలుగా స్థానిక వృత్తికులాలది. కంపెనీ తెచ్చింది పెట్టుబడిని, గిరాకీని. యూరోపియన్ల రాకతోనే ఓడల పని మొదలైందని అనుకోవడం సరి కాదు. ఆ పని తెలిసినవారు ఇక్కడ ఉన్నందువల్లనే వారి ఓడలు ఇక్కడికి వచ్చాయి.

7. నీరు దిగే చోటును కనిపెట్టడం

ఇక పని పద్ధతిని చూద్దాం. కొయ్య ఓడలు నడిచిన అన్ని తీరాలలో ఈ పద్ధతి దాదాపు ఒకటే.

మొదటి మెట్టు – అది కారడమేనా? మూసి ఉన్న సరుకు గదిలో వేడి గాలి చల్లని పలకలకు తగిలి చెమట పడుతుంది. ఈ తడి అంతటా పలుచగా ఉంటుంది. కారిన నీరైతే ఒక గీతగానో, మరకగానో కనిపిస్తుంది.

రెండో మెట్టు – రుచి చూడడం. ఉప్పగా ఉంటే అల నీరు. చప్పగా ఉంటే వాన నీరు లేదా తాగునీటి పీపా నుంచి కారిన నీరు. ఖర్చు లేని ఈ పరీక్ష సగం అనుమానాలను తీర్చివేస్తుంది.

మూడో మెట్టు – ఎప్పుడు కారుతోంది? వానలోనా, డెక్కు కడిగినప్పుడా, గాలికి ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రమేనా? ఒక పక్క ఒరిగినప్పుడే కారితే తప్పు ఆ పక్క అంచులోనో, తెరచాప కొయ్య మొదట్లోనో ఉండే అవకాశం ఎక్కువ.

నాలుగో మెట్టు – జాడ పట్టడం. ఒకరు దీపం పట్టుకొని కింద ఉంటారు. ఇంకొకరు పైన నీరు పోస్తారు. నీరు పోయడం ఎప్పుడూ పల్లపు చోటు నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా ఎత్తైన చోటికి పోవాలి. ముందే ఎత్తులో పోస్తే నీరు మొత్తం డెక్కు మీదుగా జారి, దారిలో ఉన్న ప్రతి సందులోనూ దిగుతుంది. ఏ సందు తప్పో తేలదు. ఒక చోట పోసి, కొంతసేపు ఆగి, కింద చుక్క రాకపోతేనే తరవాతి చోటికి వెళ్ళాలి. కనిపించిన ప్రతి చుక్కనూ సుద్దతో గుర్తు పెట్టాలి. దూలం వెంట తడి ఏ వైపు నుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కొంటూ పోవాలి.

ఐదో మెట్టు – కొయ్యను పరీక్షించడం. చిన్న సుత్తితో తడితే గట్టి కొయ్య ఖంగున పలుకుతుంది. కుళ్ళిన కొయ్య బొద్దుగా పలుకుతుంది. మొనదేలిన ఊచ గుచ్చితే కుళ్ళిన చోట సులభంగా దిగిపోతుంది. అక్కడ సందు మూస్తే సరిపోదు. పలకనే మార్చాలి.

చరిత్ర విద్యార్థిగా మీరు చేసే పని దీనికి దూరమైనది కాదు. శాసనంలో గానీ, కంపెనీ ఉత్తరంలో గానీ మనకు కనబడేది చుక్క పడిన చోటు. కారణం దానికి ఎగువన, కంటికి కనిపించని చోట ఉండవచ్చు.

కార్యకలాపం: ఈ వానకాలంలో మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఉరిసే చోటును గమనించండి. చుక్క పడిన చోటుకూ, నీరు దిగిన చోటుకూ మధ్య దూరం కొలిచి, నీరు నడిచిన దారిని బొమ్మగా గీయండి. పెంకులు సవరించే పెద్దవారిని అడిగి, వారు చోటును ఎట్లా పోల్చుకొంటారో అర పేజీలో రాయండి.

8. మూసివేయడం

చోటు దొరికిన తరవాత తొందరపడకూడదు. పని పొడి వాతావరణంలో జరగాలి. ముందుగా సందులోని పాత నారను కొక్కెంతో గీరి పూర్తిగా తీసివేస్తారు. సందు ఆరనిస్తారు. తడి మీద వేసిన పూత పట్టదు. తరవాత కొత్త నారను తాడుగా పేని, మొద్దు అంచు ఉలితో, కొయ్య సుత్తితో సందులోకి దట్టిస్తారు. ఈ పనిని ఇంగ్లీషులో కాకింగ్ అంటారు. యూరప్ ఓడలలో పాత మోకులను విప్పి తీసిన పీచును ఇందుకు వాడేవారు. హిందూ మహాసముద్ర తీరాలలో కొబ్బరి పీచు, దూది కూడా వాడారు.

నార దట్టించిన తరవాత దాని మీద పూత పడాలి. యూరప్‌లో పైన్ చెట్ల నుంచి తీసిన కీలును కాచి పోసేవారు. మన దేశంలో గుగ్గిలాన్ని నూనెతో కలిపి కాచిన లేపనం, సున్నాన్ని నూనెతో నూరిన ముద్ద వాడేవారు. నార నీటిని ఆపుతుంది. పూత నారను కాపాడుతుంది. రెండింటిలో ఏది లేకపోయినా పని నిలవదు.

ఇందులో చేతి అంచనా ముఖ్యం. నార వదులుగా ఉంటే మొదటి అలకే ఊడిపోతుంది. అతిగా దట్టిస్తే పలకలు తడిసి ఉబ్బినప్పుడు ఒకదాన్నొకటి నెట్టుకొని మేకులు సడలుతాయి. సుత్తి దెబ్బ మోతను బట్టే సందు నిండిందో లేదో అనుభవజ్ఞుడు చెప్పగలడు. ఈ విద్య పుస్తకాలలో నేర్చుకొన్నది కాదు. తండ్రి పక్కన, మేస్త్రీ పక్కన కూర్చొని చెవితో, చేతితో నేర్చుకొన్నది. అందువల్లనే పత్రాలలో దాని జాడ తక్కువ.

నడిసముద్రంలో ఇంత తీరిక ఉండదు. అప్పుడు కొవ్వు పూసిన గుడ్డను సందులో కుక్కడం, కీలు పూసిన తెరచాప గుడ్డను పైన పరిచి అంచులకు బద్ద కొట్టడం వంటి తాత్కాలిక ఉపాయాలు చేసేవారు. ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనిది ఒకటి ఉంది. కింది నుంచి, అంటే గది లోపలి వైపు నుంచి మాత్రమే పూత పూయడం. అట్లా చేస్తే చుక్క కనబడడం ఆగుతుంది. నీరు రావడం ఆగదు. అది పలకలో నిలిచిపోయి కొయ్యను కుళ్ళబెడుతుంది. బయటికి ఆరోగ్యంగా కనిపిస్తూనే డెక్కు బలహీనమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. నీరు పోసి పరీక్షించేటప్పుడు పల్లం నుంచి ఎందుకు మొదలుపెట్టాలి?
2. లోపలి నుంచి మాత్రమే పూత పూయడం వల్ల నష్టం ఏమిటి?

9. కోరంగి: పూడిపోయిన రేవు

నర్సాపురం తరవాత చెప్పుకోవలసిన రేవు కోరంగి. గోదావరి ఉత్తరపు పాయ సముద్రంలో కలిసే చోటుకు సమీపంలో, నేటి కాకినాడకు దక్షిణాన ఇది ఉంది. 18, 19 శతాబ్దాలలో ఇది ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు ప్రసిద్ధ కేంద్రం. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ ఓడలను ఎక్కించి బాగుచేసే డాకు ఉండేది. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతపు వడ్రంగులు కట్టిన ధోనీలు అనే సరుకు ఓడలు కోరమాండల్ తీరం పొడవునా తిరిగేవి. బర్మాకు వలస వెళ్ళిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలవడం ఈ రేవు ప్రాధాన్యానికి గుర్తు.

1789 డిసెంబరులోనూ, 1839 నవంబరులోనూ వచ్చిన పెను తుపానులు కోరంగిని ముంచివేశాయి. మొదటి తుపానులో ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన మూడు పెద్ద అలలను హెన్రీ పిడింగ్టన్ వర్ణించాడు. సైక్లోన్ అనే పదాన్ని 1848లో ప్రచారంలోకి తెచ్చింది ఈయనే. అయితే కోరంగిని చివరికి దెబ్బతీసింది తుపానులు మాత్రమే కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రు నదీముఖాన్ని పూడ్చివేసింది. లోతు తగ్గిన నదిలోకి పెద్ద ఓడ రాలేదు. మరమ్మతుకు రాలేని ఓడ వర్తకానికీ రాదు. 19వ శతాబ్ది ద్వితీయార్ధానికి వ్యాపారం కాకినాడకు మారింది. అదే కాలంలో ఆవిరి ఓడలు, ఇనుప ఓడలు వచ్చి కొయ్య ఓడల అవసరాన్నే తగ్గించాయి.

ఎగువ అడవి టేకును తెచ్చిన గోదావరే ఒండ్రునూ తెచ్చింది. రేవుకు పని ఇచ్చిన నదే చివరికి దాని దారిని మూసింది. చరిత్రలో ఒకే కారణం రెండు విరుద్ధ ఫలితాలు ఇవ్వగలదనడానికి ఇది మంచి ఉదాహరణ. పెద్ద రేవు పోయినా చేతిపని పూర్తిగా పోలేదు. తాళ్ళరేవు పరిసరాలలో కొయ్య పడవల నిర్మాణం 20వ శతాబ్దిలోనూ కొనసాగింది.

10. కొత్త పదార్థాలు, పాత ప్రశ్న

నేటి తెరచాప పడవలలో చాలా వరకు గాజునార, రెసిన్‌తో చేసినవి. వాటికి పలకల సందులు లేవు. కాబట్టి డెక్కు కారదనుకొంటే పొరపాటు. రెండు గాజునార పొరల మధ్య తేలికైన కొయ్యనో, నురుగు పదార్థాన్నో పెట్టి డెక్కును చేస్తారు. దానికి బిగించిన ప్రతి బోల్టు ఒక రంధ్రమే. బోల్టు చుట్టూ ఉన్న జిగురు పూత ఎండి పగిలితే నీరు మధ్య పొరలోకి దిగి, అక్కడే నడిచి, ఎక్కడో దూరంగా బయటపడుతుంది. వెతికే పద్ధతి పాతదే. బోల్టును విప్పి, రంధ్రాన్ని ఆరబెట్టి, మళ్ళీ పైనుంచి మూయాలి.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరిన భారత నౌకాదళ తెరచాప పడవ తారిణి 254 రోజులలో సుమారు 21,600 నాటికల్ మైళ్ళు ప్రయాణించి, ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చింది. అందులోని ఆరుగురూ మహిళలే. వారిలో విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన లెఫ్టినెంట్ బి. ఐశ్వర్య తెలుగువారు. అటువంటి ప్రయాణంలో నావికులే మేస్త్రీలు. చెడిపోయినదాన్ని ఉన్న సామానుతో వారే సరిచేసుకోవాలి.

2025 మే నెలలో కార్వార్‌లో నౌకాదళంలో చేరిన కౌండిన్య అనే ఓడ ఇంకొక దారి చూపింది. అజంతా చిత్రంలోని ఓడను ఆధారం చేసుకొని, పలకలను కొబ్బరి తాడుతో కుట్టి, పీచుతోనూ సహజమైన జిగురుతోనూ సందులు మూసి దీనిని కట్టారు. పుస్తకాలలో లేని విద్యను తిరిగి నేర్చుకోవడానికి, కుట్టు పడవల పని ఇంకా తెలిసిన కేరళ వడ్రంగులను ఆశ్రయించవలసి వచ్చింది. పనివారి జ్ఞానాన్ని సకాలంలో నమోదు చేయకపోతే ఎంత పోతుందో దీనివల్ల తెలుస్తుంది.

11. సారాంశం

కొయ్య ఓడ డెక్కు ఎండకు, తేమకు, కదలికకు సందులు తెరుచుకొని కారుతుంది. చుక్క పడే చోటు, నీరు దిగే చోటు ఒకటి కావు కాబట్టి కనిపెట్టడానికి క్రమపద్ధతి అవసరం. పాత నార తీసి, ఆరబెట్టి, కొత్త నార దట్టించి, పైన పూత వేయడం శాశ్వత మరమ్మతు. మోటుపల్లి శాసనం సముద్రంలో దెబ్బతిన్న వర్తకునికి రక్షణ ఇచ్చింది. నది, టేకు, ఇనుము, నిపుణులైన పనివారు కలిసిన నర్సాపురం, కోరంగి మరమ్మతు కేంద్రాలుగా ఎదిగాయి. ఒండ్రు మేట వేసి ఓడలు నదిలోకి రాలేకపోవడంతో కోరంగి ప్రాధాన్యం తగ్గింది. సముద్ర వర్తక చరిత్రను చదివేటప్పుడు సరుకుల జాబితాతోపాటు ఆ సరుకును పొడిగా ఉంచిన చేతులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

12. ముఖ్య పదాలు

డెక్కు: ఓడ పొట్ట మీద పలకలతో వేసిన పైకప్పు.
కాకింగ్: పలకల సందులలో నార దట్టించి మూయడం.
గుగ్గిలం: చెట్టు నుంచి కారే జిగురు, నూనెతో కాచి పూతగా వాడేవారు.
మసూలా పడవ: కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన, అలలను తట్టుకొనే పడవ.
ధోనీ: కోరమాండల్ తీరంలో తిరిగిన సరుకు ఓడ.
అభయ శాసనం: వర్తకులకు రక్షణ హామీ ఇస్తూ రాజు వేయించిన శాసనం.

13. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కొయ్య ఓడల డెక్కు కారడానికి కారణాలను, దానిని కనిపెట్టి మూసే పద్ధతులను వివరించండి.
2. ఓడల మరమ్మతు కేంద్రాలుగా నర్సాపురం, కోరంగి ఎదుగుదలను, కోరంగి క్షీణతను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మోటుపల్లి అభయ శాసనం ప్రాధాన్యం ఏమిటి?
2. కుట్టిన పడవల లాభనష్టాలను తెలపండి.
3. కోటిలింగాల, కోనసముద్రం ఉదాహరణలతో లోతట్టు ప్రాంతానికీ తీరానికీ ఉన్న సంబంధాన్ని రాయండి.